పిన్ని కొలతలు

ఆమె బస్టాపులో నిలబడి ఉండగా ఒక ముసలావిడ దగ్గరికొచ్చింది. ముందు ముఖం చూడలేదు. వెనక్కి వెళ్ళి వీపు చూసింది, పక్కకొచ్చి భుజం చూసింది. అప్పుడు ఎదురుగా నిలబడి, బాగా తెలిసినవాళ్ళను పలకరించినట్టు పలకరించింది.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా? వెళ్ళిపోయావనుకున్నానే."

"మీరెవర్నో అనుకుని అడుగుతున్నారండీ," అంది ఆమె.

"ఆ భుజం చూస్తే తెలీదా నాకు," అని ముసలావిడ నవ్వి, సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

బస్సెక్కి కూర్చున్నాక గానీ ఆ మాట ఆమె బుర్రకెక్కలేదు. వెళ్ళిపోవడం అంటే ఊరొదిలి వెళ్ళడమా, లేక మొత్తానికే వెళ్ళిపోవడమా? ముసలావిడ గొంతులో ఉన్న ఆశ్చర్యం తలుచుకుంటే రెండోదే అనిపించింది. బయట ఎండ మండిపోతోంది. కిటికీ పక్కన కూర్చున్న ఆమెకు మాత్రం చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

ఆమెను అందరూ కుట్టక్క అంటారు. ఒక పాత షాపింగ్ కాంప్లెక్సులో మెట్ల కిందున్న దుకాణం ఆమెది. కొన్న బట్టలు బిగించడం, వదులు చేయడం, జిప్పులు మార్చడం, కోట్లకు కొత్త లైనింగు వేయడం, ఇదీ పని. రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, బట్టలు వేసుకుని చూసుకోవడానికి మూలన ఒక తెర, ఇస్త్రీ బల్ల. ఇస్త్రీ బల్ల దగ్గర ఉండే పెద్దాయన్ని బాబాయి అంటారు. ఆయనకు ముందూ వెనకా ఎవరూ లేకపోవడంతో వచ్చిన గిరాకీ అందరికీ బాబాయి అయి కూర్చున్నాడు.

కుట్టక్క కుట్టు నేర్చుకున్నది పొట్ట కోసం కాదు, వీపు కోసం. పదమూడో ఏట బడికి డాక్టరు వచ్చాడు. పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, వంగి కాలివేళ్ళు ముట్టుకోమన్నాడు. అందర్నీ దాటుకుంటూ వచ్చినవాడు ఆమె వెనక ఆగిపోయాడు. వేలితో వెన్ను మీద పైనుంచి కిందికి గీత గీశాడు. ఆ వేలు నిటారుగా రాలేదు, కుడివైపు వెళ్ళి మళ్ళీ ఎడమకు తిరిగింది. వెనక బెంచీవాళ్ళు ఆ రోజు నుంచి ఆమెకు కొక్కెం అని పేరు పెట్టేశారు. ఇంటికెళ్ళి చెబితే అమ్మ విని, "ఎదిగే పిల్లలకు మామూలే," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాసేపటి దాకా వంటింట్లో గిన్నె చప్పుడు కాలేదు. ఆ నిశ్శబ్దం కూతురికి ఎప్పటికీ గుర్తుండిపోయింది.

కుడి భుజం పైకి, ఎడమ భుజం కిందికి. కుడివైపు వీపు మీద పక్కటెముకలు ఉబ్బెత్తుగా లేచి ఉండేవి. కుట్టు నేర్చుకున్నాక తన బట్టల్లో ఎడమ భుజం కింద ప్యాడ్ పెట్టుకునేది, కుడి వీపు దగ్గర గుడ్డ ఎక్కువ వదిలేది, అంచు ఒకవైపు కాస్త పొడుగ్గా దింపేది. వేసుకుని నిలబడితే తెలియనివాళ్ళకు తెలిసేది కాదు. ఆమెను చేసుకున్నాయనకు మాత్రం మొదటి రోజే తెలుసు. ఆయన లిఫ్టు మెకానిక్కు. పట్టాలు, తాళ్ళు నిట్టనిలువుగా ఉన్నాయో లేదో చూడటమే ఆయన పని. పెళ్ళికి ముందే అడిగింది, "నా నడుం చూశారు కదా, మీకేం అనిపించలేదా" అని. "నేను రోజంతా నిలువుగా ఉన్నవే చూస్తాను, విసుగొచ్చింది," అన్నాడు. ఆ ఒక్క మాటకు పడిపోయి చేసుకున్నానని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

నలభై దాటి కొంతకాలం వరకు వీపు తన మానాన తను ఉంది. ఆ తర్వాత కదలడం మొదలుపెట్టింది. ముందు ఎడమ తుంటి దగ్గర సన్నటి పోటు. తర్వాత కాలు వెంట కిందికి మంట. కూర్చుంటే ఒకవైపు అడుగున ఉన్న పక్కటెముక తుంటి ఎముకను తాకుతున్నట్టు తెలిసేది. రెండంతస్తులు ఎక్కేసరికి ఊపిరి సగంలో ఆగేది. వ్యాయామాలు చేసింది, బెల్టు కట్టుకుంది, వెన్నులో ఇంజెక్షన్లు వేయించుకుంది. ఒక్కొక్కటీ కొన్నాళ్ళు ఆదుకుని మొహం చాటేసింది. చివరికి వెన్నెముక ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ దగ్గరికి మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళారు.

డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగు పలక మీద పెట్టింది. కుట్టక్క తన ఎముకల్ని చూడటం అది మొదటిసారి కాదు. అయినా ఈసారి ఎవరివో చూస్తున్నట్టు అనిపించింది. తలుపుకు చెవి ఆనించి లోపలి మాటలు వింటున్న మనిషిలా ఉంది ఆ బొమ్మ.

"పైవంపు కుడికి పోతే, దాన్ని సరిపెట్టుకోవడానికి కిందవంపు ఎడమకు పోయింది," అని డాక్టరమ్మ పెన్ను మూతతో చూపించింది. "ఇది చిన్నప్పటిదే. ఇన్నాళ్ళూ నెమ్మదిగా ఉంది. ఇప్పుడు డిస్కులు అరిగి కిందిభాగం పక్కకు జారుతోంది. నరం నలుగుతోంది, అందుకే కాలు మంట."

"ఆపరేషన్ తప్పదంటారా?"

"తప్పదని నేననను. రేపే ఏదో అయిపోతుందని భయపెట్టనూ పెట్టను. అలాగని ఆగుతుందనీ చెప్పలేను."

ఏం చేస్తారో విడమరచి చెప్పింది. వీపు మీది భుజం రెక్కల మధ్య నుంచి తుంటి దాకా ఎముకలకు రెండువైపులా స్క్రూలు బిగించి, వాటిని రెండు కడ్డీలకు కలుపుతారు. వీలైనంత సరిచేసి, ఎముక పొడి నింపి, ఆ ఎముకలన్నీ అతుక్కుని ఒకే ఎముక అయ్యేలా వదిలేస్తారు. ఆ తర్వాత అంతమేరా వంగదు. చెప్పు తొడుక్కోవాలన్నా, నేల మీద పడ్డ సూది తీయాలన్నా కొత్తగా నేర్చుకోవాలి. నరాలకు దెబ్బ తగలొచ్చు, చీము పట్టొచ్చు, ఎముక అతుక్కోకపోవచ్చు, కడ్డీ విరిగి మళ్ళీ కోయాల్సి రావచ్చు. "ఇంత పెద్ద ఆపరేషన్లో ఏదో ఒక ఇబ్బంది పడేవాళ్ళు తక్కువేం కాదమ్మా. అన్నీ దాటుకుని హాయిగా తిరిగేవాళ్ళూ ఉన్నారు."

"మీరైతే ఏం చేస్తారు?" అంది కుట్టక్క.

"ఈ వీపు నాది కాదు కదా," అంది డాక్టరమ్మ మెత్తగా. "తొందరేం లేదు. వచ్చే ఏడు మళ్ళీ ఫోటో తీద్దాం. ఈలోపు ఎముకల గట్టిదనం చూపించుకోండి. ఇంకో డాక్టరు మాట కూడా వినండి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా ఇలా?"

"లేదండీ," అంది వెంటనే. అనేశాక బస్టాపులో ముసలావిడ గుర్తొచ్చింది.

ఇంటికెళ్ళే దారిలో ఆయన్ని అడిగింది. "మీరేమంటారు?"

"నేను చేయించుకోమంటే, నొప్పి వచ్చినప్పుడల్లా నన్ను తిడతావు. వద్దంటే, కాలు లాగినప్పుడల్లా తిడతావు. తిట్లు నాకెలాగూ తప్పవు. ఏం చెయ్యాలన్నది మాత్రం నువ్వే చెప్పు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆమె చేయి పట్టుకున్న అరచెయ్యి తడిగా ఉంది.

అమ్మ అప్పటికే వాళ్ళింటికి వచ్చేసింది. మతిమరుపు ముదిరి ఒంటరిగా ఉండలేని పరిస్థితి. అమ్మతో పాటు ఆమె మంచం, ఒక రేకు ట్రంకుపెట్టె వచ్చాయి. బాల్కనీ పక్క గదిలో మంచం వేశారు, పెట్టెను మంచం కిందికి తోశారు. కొద్దిరోజులు అంతా సవ్యంగానే ఉంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కుట్టక్క టీ పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి అమ్మ ఆమె భుజం వంక చూసి, జరిగి చోటిచ్చి, "రా చెల్లాయ్. ఇంతసేపూ ఎక్కడున్నావ్?" అంది.

"అమ్మా, నేను. నీ కూతుర్ని."

"నా కూతురు బడికెళ్ళింది," అంది అమ్మ. అబద్ధమాడే మనిషిని చూసినట్టు చూసింది.

అమ్మకు ఒక చెల్లెలు ఉండేదనీ, చిన్న వయసులోనే పోయిందనీ కుట్టక్కకు తెలుసు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు. అడిగితే మాట దాటేసేవాళ్ళు. పిన్ని ఫోటో కూడా ఇంట్లో లేదు. ఉన్న ఒక్క పాత ఫోటోలో అమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఆమె భుజం మీద ఒక ఆడచెయ్యి ఉంటుంది. ఆ చేతి మనిషి ఫోటోలోకి రాలేదు. నాన్న బతికుండగా ఒకసారి అడిగితే, "నిలబడటం ఇష్టంలేక పక్కకు జరిగింది," అన్నాడు. అంతే.

మొదట్లో చెల్లాయ్ అన్నప్పుడల్లా కాదని సరిదిద్దేది. సరిదిద్దినప్పుడల్లా అమ్మ బెదిరిపోయేది. చివరికి ఊఁ కొట్టడం అలవాటు చేసుకుంది. ఊఁ కొట్టిన దగ్గర్నుంచి అమ్మ నోరు విప్పింది.

"ఆ రోజు నీతో పాటు నేనూ వచ్చాను కదా ఆస్పత్రికి," అంది ఒకసారి, తల దువ్వించుకుంటూ. "గేటు దగ్గరే ఆపేశారు నన్ను. నీ చెప్పులు విప్పి నా చేతికిచ్చి లోపలికెళ్ళావు. అరుగు మీద కూర్చున్నాను, కూర్చున్నాను. చివరికి చెప్పులు మాత్రం ఇంటికి తెచ్చాను."

కుట్టక్క చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఎందుకెళ్ళాను ఆస్పత్రికి?"

"నడుం సరిచేస్తామన్నారు కదా. నీకు తెలీదా?"

ఆ సాయంత్రం ఆమె ఆయనతో, "ఇక ఆపరేషన్ మాటెత్తకండి," అంది. ఎందుకో చెప్పలేదు. ఆయనా రెట్టించలేదు.

వారం తిరక్కుండానే అమ్మ మరో మాట చెప్పింది. ఈసారి అడక్కుండానే. "సంచీ సర్దుకుని కూడా వెళ్ళనన్నావు. గుమ్మం దాటలేదు. భయమేసిందన్నావు. ఎవరు బతిమాలినా వినలేదు. ఆ తర్వాత ఊపిరాడక గోడకానుకుని కూర్చునే నిద్రపోయేదానివి. ఒక పొద్దున లేపితే లేవలేదు నువ్వు."

ఈ చివరి మాట కూతురి కళ్ళలోకి చూస్తూ, ఏ బాధా లేకుండా, కూర మాడిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. చెప్పి టీ అడిగింది.

ఆ తర్వాత రెండు కథలూ వంతులవారీగా వస్తూ పోయాయి. ఒక రోజు పిన్ని ఆస్పత్రికి వెళ్ళి తిరిగిరాలేదు. ఇంకో రోజు వెళ్ళకుండా ఇంట్లోనే పోయింది. ఏది నిజమో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నాన్న లేడు. ఆ రోజుల్లో ఉన్న ఆస్పత్రి కూలగొట్టి కార్లు నిలిపే స్థలం చేశారు. కుట్టక్క పనిగట్టుకుని అదే బస్టాపులో, అదే వేళకు, చాలాసార్లు నిలబడి చూసింది. ఆ ముసలావిడ మళ్ళీ కనబడలేదు. పక్కన పండ్ల బండివాణ్ణి ఆనవాళ్ళు చెప్పి అడిగితే, "అలాంటి మనిషిని నేను ఎప్పుడూ చూళ్ళేదక్కా. మిమ్మల్ని మాత్రం రోజూ చూస్తున్నాను," అన్నాడు.

చలి మొదలయ్యాక అమ్మకు దుప్పటి కావాల్సి వచ్చి మంచం కింది పెట్టె లాగింది. దుప్పట్లు పైనే ఉన్నాయి. వాటి కింద పాత గుడ్డ చుట్టి వరసగా మడతపెట్టిన గౌన్లు. పైది తీసి విప్పింది. చేతితో తడమగానే తెలిసిపోయింది. ఎడమ భుజం కింద ప్యాడ్. కుడి వీపు దగ్గర వదిలిన గుడ్డ. ఒకవైపు దించిన అంచు. ఇదంతా తనే కుట్టుకుందా అన్న అనుమానం కూడా వచ్చింది ఒక్క క్షణం. కానీ గుడ్డ పాతది, తను పుట్టకముందుది. పిన్ని తనకోసం కుట్టుకున్నవే అయి ఉండాలి.

అమ్మ నిద్రపోతోంది. కుట్టక్క ఆ గౌను తొడుక్కుంది. ఎవరో పక్కన నిలబడి ఆమెకే కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. ఇన్నేళ్ళ పనిలో ఒకరి బట్ట ఇంకొకరికి అలా అతికినట్టు సరిపోవడం ఆమె చూడలేదు. అందునా ఈ ఒంటికి. బీరువా అద్దం ముందు నిలబడింది, చూసుకోబోయి ఎందుకో తల దించుకుంది.

అన్నీ నేల మీద పరిచింది. ఒకదాని తర్వాత ఒకటి కుట్టినవి. మొదటిదాంట్లో ప్యాడ్ పల్చగా ఉంది, గౌను మారేకొద్దీ మందమైంది. తను తొడుక్కున్నది మధ్యలోది. చివరిది ఎత్తి పట్టుకుంటే చూడటానికే కష్టంగా ఉంది. ఒక పక్క అంతా కుంగిపోయి, ఇంకో పక్క లేచిపోయి ఉంది. అది వేసుకుంది. భుజం దగ్గర, నడుం దగ్గర ఖాళీగా వేలాడింది. ఆ ఖాళీలోకి తన ఒళ్ళు ఎటు వెళ్ళి చేరుకోవాలో ఆమెకు స్పష్టంగా తెలిసింది. గబగబా విప్పేసింది.

అప్పుడు చూసింది పెట్టె అడుగున ఇంకొకటి. లేత రంగు గౌను. దాన్ని విప్పితే రెండు భుజాలూ సమానం. ప్యాడ్ లేదు, అంచు తిన్నగా ఉంది. పక్క కుట్లు ఇంకా మిషను మీదికి వెళ్ళలేదు, చేత్తో వేసిన టాకాలే ఉన్నాయి. చంకల దగ్గర మరకా లేదు, మోచేతుల దగ్గర అరుగుదలా లేదు. ఎవరూ ఒక్కసారి కూడా తొడుక్కోలేదు.

"అది ముట్టుకోకు," అంది వెనకనుంచి అమ్మ. ఎప్పుడు లేచిందో లేచి కూర్చుని ఉంది. "వచ్చాక వేసుకుంటానంది."

"వచ్చిందా అమ్మా?"

"ఎవరు?" అంది అమ్మ, నిజంగానే తెలియనట్టు.

ఈ సంగతంతా ఆయనకు చెప్పలేకపోయింది. చెబితే నవ్వుతాడని కాదు, నవ్వకపోతే ఏం చెయ్యాలా అని. డాక్టరమ్మకు మాత్రం, మా పిన్నికి కూడా ఉండేదట అని ఫోన్లో చెప్పింది. రెండు రకాలుగానూ చెప్పింది.

"ఆ రోజుల్లో ప్లాస్టరు కట్టి నెలల తరబడి పడుకోబెట్టేవాళ్ళు," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాలు పనిచేస్తున్నాయో లేదో మిషను మీద చూస్తూనే ఉంటాం. మీ పిన్నిగారికి ఏది జరిగి ఉన్నా, దాంట్లో మీకు జవాబు దొరకదమ్మా."

అది నిజమేనని కుట్టక్కకూ తెలుసు. తెలిసినా ఏడాది పొడుగునా ఆ జవాబు కోసమే వెతికింది. అమ్మ ఆస్పత్రి కథ చెప్పిన రోజు వద్దనుకునేది, గోడ కథ చెప్పిన రోజు చేయించుకుందామనుకునేది. దుకాణంలో నిలబడే ఓపిక తగ్గింది. గిరాకీ వాళ్ళ కోటు చేతులు కొలుస్తూ కొలుస్తూ బల్ల పట్టుకుని ఆగిపోయేది. ఒకసారి ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి బాబాయి అన్నాడు, "అమ్మాయ్, ఇందాక నువ్వు అద్దం ముందు నిలబడి ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఎవరితోనూ లేదు బాబాయ్."

"ఊఁ," అన్నాడు బాబాయి. ఆ తర్వాత అద్దం మీద ఒక గుడ్డ కప్పి, గిరాకీ వచ్చినప్పుడే తీసేవాడు. ఎందుకని ఆమె అడగలేదు.

మళ్ళీ చలి వచ్చింది. దుప్పట్ల కోసం మళ్ళీ పెట్టె లాగాల్సి వచ్చింది. వద్దువద్దనుకుంటూనే ఆమె ఆ చివరి గౌను, కుంగిపోయినది, బయటికి తీసింది. తొడుక్కుంది. బొత్తాలు పెట్టుకుంది.

సరిపోయింది.

భుజం దగ్గర ఖాళీ లేదు. నడుం దగ్గర గుడ్డ కదల్లేదు. కిందటేడు వేలాడిన చోటల్లా నిండిపోయింది. తనకు తెలియకుండానే ఏడాదిలో ఆ ఒంట్లోకి నడిచి వచ్చేసింది. బాల్కనీలోంచి ఎండ పడుతున్న గదిలో ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. ఏడుపు రాలేదు. ఒక్కటే ఆలోచన. దీని తర్వాత పిన్ని కుట్టుకున్న వంకర గౌను ఇంకొకటి లేదు. పిన్ని వెళ్ళిందో, ఆగిపోయిందో, ఆమె దారి మాత్రం ఈ కొలత దగ్గర అయిపోయింది. ఇక్కణ్ణుంచి చూపించేవాళ్ళు లేరు. వెళ్ళినా మానినా తనే వెళ్ళాలి, తనే మానాలి.

అమ్మ మంచం మీద నుంచి చూస్తోంది. "వద్దు చెల్లాయ్, వెళ్ళకు," అంది.

"భయంగానే ఉంది. అయినా వెళ్తాను," అంది కుట్టక్క. ఈసారి చెల్లెలిగా బదులిచ్చిందో కూతురిగా బదులిచ్చిందో ఆమెకే తెలియలేదు. గౌను విప్పి మడతపెట్టి, డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

కొత్త ఎక్స్‌రేలో వంపు పెరిగింది, నడుం ఇంకాస్త పక్కకు జారింది. డాక్టరమ్మ ఊపిరితిత్తుల పరీక్ష చేయించింది, ఎముకలకు మందులు వాడించింది, ఇంకో డాక్టరుతోనూ మాట్లాడించింది. ఆయనా దాదాపు అవే మాటలు చెప్పాడు, కాకపోతే పొడిపొడిగా చెప్పాడు. ఆపరేషన్ రోజు పొద్దున ఆమె చెప్పులు విప్పి మొగుడి చేతికివ్వబోయి చటుక్కున ఆగింది. వాటిని మంచం కింద, గోడవైపుకు తనే పెట్టుకుంది. ఆయనకు అర్థం కాలేదు. "నేనేమన్నా ఎత్తుకుపోతానా?" అన్నాడు.

పగలంతా పట్టింది ఆపరేషన్. కళ్ళు తెరిచేసరికి ఎవరో కాలివేళ్ళు కదపమంటున్నారు. రెండు పాదాలూ కదిలాయి. ఆ సంతోషం ఇంకా తెలియకముందే నొప్పి వచ్చి మీద పడింది. అంత నొప్పి ఉంటుందని చెప్పారు గానీ, చెప్పడం వేరు. మొదటి రోజుల్లో ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చింది, ఆయన ముందే అన్నట్టు ఆయన్నే తిట్టింది. ఆయన తలవంచుకుని విన్నాడు. నడవడానికిచ్చిన నాలుగు కాళ్ళ ఊత కడ్డీ పట్టించి మొదటిసారి నిలబెట్టినప్పుడు గది మారిపోయినట్టనిపించింది. కిటికీ ఉండాల్సిన చోట లేదు. మొగుడి ముఖం ఉండాల్సిన ఎత్తులో లేదు.

"ఇక నుంచి నిన్ను తలెత్తి చూడాలి కాబోలు," అన్నాడాయన. అనేసి పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

పూర్తిగా నిటారు కాలేదు. డాక్టరమ్మ ముందే చెప్పినట్టు కుడి భుజం ఇంకా ఒక పిసరు ఎత్తే. కానీ తల నడుముకు సూటిగా పైకి వచ్చి కూర్చుంది. కాలు మంట పోయింది, ఎడమ తొడ మీద అరచేయంత మేర మాత్రం మొద్దుబారి అలాగే మిగిలింది. మెట్లెక్కితే ఊపిరి అందుతోంది. వంగడం లేదు. కింద పడ్డ సూదుల కోసం ఆయన ఒక కర్రకు అయస్కాంతం కట్టి ఇచ్చాడు. దుకాణంలో బాబాయి మిషను బల్ల కింద చెక్కదిమ్మలు పెట్టి ఎత్తు చేశాడు. "ఇన్నాళ్ళకు నీ మొహం కనబడుతోంది. ఇదివరకు పాపిడే చూసేవాణ్ణి," అన్నాడు. సాయంత్రానికి వీపు ఇనుప రేకులా బిగుసుకుపోతుంది. తెల్లారి లేచేటప్పుడు మనిషిని చెక్కలా పక్కకు దొర్లించి లేపాలి. ఎవరైనా మంచి పనే చేశావా అని అడిగితే, అడిగినవాళ్ళ నడుం వైపు ఒకసారి చూసి, "నా మటుకు నాకు మంచిదే," అంటుంది. అంతకంటే ముందుకు పోదు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు మాత్రం ఇలా జరిగింది. ఊత కడ్డీ పట్టుకుని నెమ్మదిగా అమ్మ గది గుమ్మంలో నిలబడింది. అమ్మ తలెత్తి చూసింది. పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపులో ఎరుక లేదు. కూతురనీ అనుకోలేదు, చెల్లెలనీ అనుకోలేదు. మంచం మీద సర్దుకుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మర్యాదగా అడిగింది.

"ఆస్పత్రి నుంచి వచ్చారా అమ్మా? మా చెల్లెలు ఎలా ఉంది?"

కుట్టక్క ఊత కడ్డీ మీద చేతులు సర్దుకుంది. "బాగానే ఉందండీ. ఆపరేషన్ అయింది," అంది.

"కాళ్ళు కదుపుతోందా?"

"కదుపుతోంది."

అమ్మ తల ఊపింది. ఆ తర్వాత రోజూ అదే. రోజూ అమ్మ అడిగేది, రోజూ ఆమె చెప్పేది. ఇవాళ లేచి కూర్చుంది. ఇవాళ గది చివరి దాకా నడిచింది. ఇవాళ అన్నం తనే కలుపుకుని తింది. అన్నీ నిజాలే. పిన్ని సంగతి చెబుతోందో తన సంగతి చెబుతోందో అని ఒక్కోసారి తడబడేది. అమ్మ మాత్రం శ్రద్ధగా వినేది. ఆ రెండు పాత కథలు మళ్ళీ ఎత్తలేదు.

వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం, కుట్టక్క ఊత కడ్డీ లేకుండా నడిచి గుమ్మం దాకా వచ్చిన రోజున, అమ్మ వేరే మాట అడిగింది.

"ఇంటికెప్పుడు పంపిస్తారు?"

వంటింట్లో ఆయన గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడు చెప్పడం ఇష్టంలేకపోయింది.

"పంపించేశారండీ," అంది. "వచ్చేసింది."

అమ్మ ముఖం విప్పారింది. ఆమెను చూడలేదు. ఆమె భుజం పక్కనుంచి, ఖాళీగా ఉన్న హాలు వైపు, కాస్త కిందికి, పొట్టిగా ఉన్న మనిషి ముఖం ఉండే ఎత్తుకు చూసింది. మంచం మీద ఒక పక్కకు జరిగి, దుప్పటి ముడతలు అరచేత్తో సరిచేసి, చోటు చేసింది.

"రా," అంది.

దారికి అడ్డుగా ఉన్నానేమోనని కుట్టక్క గుమ్మంలోంచి పక్కకు జరిగి నిలబడింది.